ట్రిప్ నుంచి వచ్చిన నెలకి కళ్లు పచ్చబడితే: హెపటైటిస్ ఎ గురించి మాట్లాడుకుందాం

ఈసారి కూడా నేరేడ్‌మెట్‌లో మా ఇంటి డాబా మీద నుంచే మాట్లాడుతున్నాను. మధ్యలో రైలు హారన్ వినబడితే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "ట్రిప్‌కి వెళ్లేటప్పుడు మెడికల్ కిట్‌లో ఏం పెట్టుకోవాలి?" దానికి జవాబు చెప్పే ముందు, కిట్‌లో పెట్టుకోలేని ఒక విషయం గురించి చెప్పాలి. అదే హెపటైటిస్ ఎ. మన ఇళ్లలో పచ్చకామెర్లు అంటామే, ఆ కామెర్లు రావడానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. ఈ జబ్బు పడి లేచినవాణ్ణి. ఆ తర్వాత దీని గురించి డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదే మీకు చెప్తున్నాను.

ముందు నా కథ రెండు నిమిషాల్లో చెప్పేస్తా. డిసెంబర్ 14న ఆరుగురం ఫ్రెండ్స్ కారు మాట్లాడుకుని మారేడుమిల్లి వైపు వెళ్లాం. మూడు రోజుల ట్రిప్. దారిలో ఐస్ వేసిన చెరకు రసం తాగాం. ఉప్పూ కారం చల్లి ఇచ్చే పైనాపిల్ ముక్కలు తిన్నాం. సీసాలు ఖాళీ అయితే వాగు నీళ్లే పట్టుకున్నాం. బాగా ఎంజాయ్ చేసి వచ్చాం. ఒక్కరికి కూడా కడుపు నొప్పి రాలేదు.

జనవరి 12న నాకు జ్వరం మొదలైంది. ఒళ్లు నొప్పులు, అన్నం చూస్తేనే వికారం. అమ్మేమో "అరిసెలు ఎక్కువ తిన్నావు, అరగలేదు" అంది. నాన్న నేరేడ్‌మెట్ చౌరస్తాలో తిన్న మిర్చి బజ్జీల మీద నేరం మోపాడు. కనుమ రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్లు పసుపు రంగులో ఉన్నాయి. మూత్రం ముదురు టీ రంగులో వస్తోంది. టెస్ట్ చేయిస్తే ఎస్‌జీపీటీ 2,140. మామూలుగా అది 40కి అటూ ఇటూ ఉండాలి. బిలిరుబిన్ 9. అది ఒకటికి కాస్త అటూ ఇటూ ఉండాలి.

డాక్టర్ గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "నిన్న ఏం తిన్నావ్?" అని కాదు. "నెల క్రితం ఎక్కడున్నావ్?" అని.

ఈ రోజు మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే అదే గుర్తుపెట్టుకోండి. ఫుడ్ పాయిజనింగ్ అయితే కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తెలిసిపోతుంది. హెపటైటిస్ ఎ అలా కాదు. వైరస్ ఒంట్లోకి వెళ్లిన తర్వాత లక్షణాలు కనబడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. సగటున 28 రోజులు. అందుకే దోషం ఎప్పుడూ నిన్న తిన్న బజ్జీ మీద పడుతుంది. అసలు కారణం గ్యాలరీలో పోయిన నెల ఫోటోల్లో దాక్కుని ఉంటుంది.

దీంట్లో ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. ఈ వైరస్ మలం ద్వారా బయటికి వస్తుంది. అది ఎక్కువగా బయటపడేది ఎప్పుడో తెలుసా? కళ్లు పచ్చబడడానికి ముందు రెండు వారాల్లో. అంటే మనం బాగానే ఉన్నాం అనుకుంటూ తిరిగే రోజుల్లో. కళ్లు పచ్చబడ్డాక ఇంకో వారం వరకూ అంటించే అవకాశం ఉంటుంది. కానీ అందరూ జాగ్రత్త పడేది కళ్లు పచ్చబడ్డాకే.

నా క్యాలెండర్‌లో ఆ రెండు వారాల్లో ఏముందో చెప్తా. జనవరి 5, మా అక్క కొడుకు పుట్టినరోజు. నాలుగేళ్లు వాడికి. ఆ రోజు అందరికీ పళ్ల ముక్కలు కోసి, నిమ్మరసం కలిపింది నేనే. చేతులు కడుక్కున్నానా అంటే, శానిటైజర్ రాసుకున్నాను. ఫిబ్రవరి 2న మా మేనమామకు జ్వరం వచ్చింది. వారంలో కామెర్లు. ఆయనకు అప్పటికే లివర్‌లో కొవ్వు ఉంది. నేను ఇంట్లోనే రెస్ట్ తీసుకుని లేచాను. ఆయన మాత్రం పదకొండు రోజులు హాస్పిటల్‌లో ఉన్నారు, అందులో నాలుగు రోజులు ఐసీయూలో. మా అత్తయ్య ఆ నాలుగు రోజులూ బయట కుర్చీలోనే కూర్చుంది. బయటపడ్డారు, ఇప్పుడు బాగున్నారు. నా చేతుల నుంచే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు. అత్తయ్య కూడా ఒక్క మాట అనలేదు. కానీ తేదీలు లెక్కేసుకుంటే నాకు అర్థమవుతుంది కదా. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం అదే.

సరే, ఇప్పుడు విషయంలోకి వద్దాం. అసలేంటి ఈ వైరస్?

హెపటైటిస్ అంటే లివర్ వాపు. ఎ, బి, సి, డి, ఇ అని రకరకాల వైరస్‌ల వల్ల వస్తుంది. బి, సి ప్రధానంగా రక్తం, సూదులు, శారీరక సంబంధం, తల్లి నుంచి బిడ్డకు, ఇలా వస్తాయి. అవి ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోగలవు. ఎ, ఇ ప్రధానంగా నోటి ద్వారా వస్తాయి. సూటిగా చెప్పాలంటే ఒకరి మలంలో ఉన్నది, నీళ్ల ద్వారానో తిండి ద్వారానో చేతుల ద్వారానో ఇంకొకరి నోట్లోకి వెళ్లడం. వినడానికి అసహ్యంగా ఉన్నా నిజం అదే. హెపటైటిస్ ఎ శాశ్వతంగా ఉండిపోదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో, కొంతమందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఒకసారి వస్తే జీవితంలో మళ్లీ రాదు. కానీ చిన్న జబ్బని కొట్టిపారేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2016లో దీనివల్ల 7,134 మంది చనిపోయారు. వయసు పెరిగేకొద్దీ, లివర్ అప్పటికే దెబ్బతిని ఉన్నకొద్దీ ప్రమాదం ఎక్కువ.

ఇక్కడ మీకు ఒక డౌట్ రావాలి. "మా తాతయ్య జీవితాంతం బావి నీళ్లు తాగాడు, ఆయనకేం కాలేదు కదా?" అని. మంచి ప్రశ్న. దీనికి సమాధానం వయసులో ఉంది. ఆరేళ్ల లోపు పిల్లలకు ఈ వైరస్ సోకితే చాలామందికి ఏ లక్షణాలూ కనబడవు. వచ్చినట్టే తెలియదు, జీవితాంతం రక్షణ మాత్రం వచ్చేస్తుంది. మన తాతల తరంలో దాదాపు అందరికీ చిన్నప్పుడే ఇలా వచ్చి పోయింది. అదే వైరస్ పెద్దయ్యాక సోకితే, ఎక్కువమందికి కామెర్లు వస్తాయి.

ఇప్పుడు మన సంగతి చూడండి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు, స్కూల్లో బాటిల్, ఆఫీసులో క్యాన్. చిన్నప్పుడు ఆ వైరస్ మనకు తగల్లేదు. అది మంచిదే. కానీ రక్షణ లేకుండానే ఇరవై ఏళ్లు దాటేశాం. ఆ తర్వాత ఒకేసారి బైక్ ట్రిప్, జాతర, శబరిమల, గోవా. అందుకే ఇప్పుడు నగరాల్లో పాతికేళ్ల కుర్రాళ్లు కామెర్లతో హాస్పిటల్‌కి వస్తున్నారు. "నాకు ఇమ్యూనిటీ ఎక్కువ, ఏదైనా తింటా" అనే డైలాగ్ దీని ముందు పనిచేయదు.

నీళ్లు ఎంత నష్టం చేయగలవో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. 2005లో మన హైదరాబాద్‌లోనే మార్చి నుంచి ఆగస్టు దాకా 1,600 మందికి పైగా కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఎ కాదు, దాని తోబుట్టువు లాంటి హెపటైటిస్ ఇ. దారి మాత్రం అదే. మురుగు కాలువలను దాటుకుంటూ వెళ్లే తాగునీటి పైపుల ద్వారా నీళ్లు అందిన ప్రాంతాల్లో కేసులు ఎక్కువగా ఉన్నాయని పరిశోధకులు తేల్చారు. ఈ హెపటైటిస్ ఇ గర్భిణులకు చాలా ప్రమాదకరం. దానికి మన దగ్గర మామూలుగా దొరికే వ్యాక్సిన్ కూడా లేదు. కాబట్టి నీళ్ల జాగ్రత్తలు రెండింటికీ పనికొస్తాయి.

2024లో కేరళలో ఎర్నాకుళం జిల్లా వెంగూర్ పంచాయతీలో హెపటైటిస్ ఎ వచ్చింది. రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, మరణాలు కూడా జరిగాయి. అక్కడా అనుమానం తాగునీటి సరఫరా మీదకే వెళ్లింది. మన అయ్యప్ప స్వాములు, హనీమూన్ జంటలు ఏటా వెళ్లే రాష్ట్రమే కదా. కేరళ వెళ్లొద్దని చెప్పడం లేదు. శుభ్రతకు పేరున్న చోట కూడా ఇది జరుగుతుందని చెప్తున్నా.

విదేశాల్లో కూడా అంతే. 1988లో చైనాలోని షాంఘైలో సరిగ్గా ఉడకని ఆల్చిప్పలు తిని దాదాపు మూడు లక్షల మంది జబ్బుపడ్డారు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక రెస్టారెంట్‌లో తిన్న ఐదు వందల మందికి పైగా దీని బారిన పడ్డారు. కారణం పచ్చి ఉల్లికాడలు. రెండు చోట్లా సమస్య ఒకటే, పూర్తిగా ఉడకని తిండి.

ఇప్పుడు ప్రాక్టికల్ విషయాలు. మూడు భాగాలుగా చెప్తా. వెళ్లేముందు, వెళ్లినప్పుడు, వచ్చాక.

వెళ్లేముందు: వ్యాక్సిన్.

అవును, దీనికి వ్యాక్సిన్ ఉంది. మన దగ్గర ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఇది లేదు. అందుకే మనలో చాలామందికి పడి ఉండదు. ఇంటికెళ్లి మీ చిన్నప్పటి టీకాల కార్డు చూడండి. అమ్మను అడగండి. పిల్లల డాక్టర్ దగ్గర డబ్బులిచ్చి వేయించి ఉంటే అందులో రాసి ఉంటుంది.

వ్యాక్సిన్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి చంపేసిన వైరస్‌తో చేసేది. రెండు డోసులు, మధ్యలో కనీసం ఆరు నెలలు. రెండోది బలహీనపరిచిన వైరస్‌తో చేసేది, ఒక్క డోసు. ఏది మీకు సరిపోతుందో డాక్టర్ చెప్తారు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఆ విషయం తప్పకుండా ముందే చెప్పాలి. ఇంకో సంగతి, 2024 జనవరిలో మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హావిష్యూర్ అనే వ్యాక్సిన్‌ను విడుదల చేసింది. మన దేశంలోనే సొంతంగా తయారైన మొదటి హెపటైటిస్ ఎ వ్యాక్సిన్ అది. నేరేడ్‌మెట్ నుంచి గచ్చిబౌలి ఎంత దూరమో అంత దగ్గర్లో తయారైన మందు గురించి, జబ్బు పడేదాకా నాకు తెలియదు.

"ట్రిప్ వచ్చే వారమే కదా, ఇప్పుడు వేసుకుంటే లాభమేంటి?" అని అడగొచ్చు. లాభం ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బయల్దేరే ముందు ఎప్పుడైనా మొదటి డోసు వేసుకోవచ్చు. రెండు నుంచి నాలుగు వారాల టైమ్ ఉంటే ఇంకా మంచిది. రెండో డోసు ఆరు నెలలకు మర్చిపోకుండా ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కుటుంబమంతా వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పట్నుంచే ప్లాన్ చేసుకోవచ్చు.

అమెరికాలో, యూకేలో ఉన్న మనవాళ్లు కూడా ఈ వీడియో చూస్తుంటారు కదా, మీకో మాట. అమెరికాలో 2006లో ఏడాది దాటిన పిల్లలందరికీ ఈ వ్యాక్సిన్ సిఫారసు చేశారు. ఆరు నుంచి పదకొండు నెలల పాపను తాతయ్య, నానమ్మలకు చూపించడానికి ఇండియా తెస్తుంటే, ప్రయాణం కోసం ముందుగా ఒక డోసు అదనంగా వేస్తారు. టికెట్ బుక్ చేసిన రోజే పిల్లల డాక్టర్‌ను అడగండి. "మన ఊరే కదా, ఏమవుతుంది" అనుకునేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. ఎందుకంటే హోటల్‌లో చూపించే జాగ్రత్త చుట్టాలింట్లో చూపించలేం. పెద్దమ్మ గ్లాసు చేతికిస్తే వద్దనలేం కదా.

వెళ్లినప్పుడు: నీళ్లు, చేతులు, తిండి.

నీళ్లు బాగా మరిగించాలి. బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే ఈ వైరస్ చచ్చిపోతుంది. గోరువెచ్చగా చేస్తే సరిపోదు. మామూలు క్యాండిల్ ఫిల్టర్లు, బట్టతో వడకట్టడం దీన్ని ఆపలేవు. వైరస్ సైజు సుమారు 27 నానోమీటర్లు. బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు చిన్నది. సీల్డ్ బాటిల్ కొంటే మూత సీల్ మీ చేతులతో మీరే తెంపాలి.

ఐస్. ఇక్కడే చాలామంది దొరికిపోతారు. ఫ్రీజర్‌లో పెడితే వైరస్ చావదు, భద్రంగా ఉంటుంది. బాటిల్ నీళ్లు కొని, అందులో బండి మీది ఐస్ వేసుకుంటే ఏం ఉపయోగం చెప్పండి? చెరకు రసం, సోడా, గోలీ సోడా ఏదైనా, "అన్నా, ఐస్ వద్దు" అనడం అలవాటు చేసుకోండి.

తిండి విషయంలో ఒకటే లెక్క. పొగలు కక్కుతున్నది తినండి, పచ్చిది వదిలేయండి. పెనం మీద నుంచి దిగిన దోశ ఫర్వాలేదు, పక్కన గిన్నెలో నీళ్లు కలిపి పల్చన చేసిన చట్నీ అనుమానమే. వేడి బిర్యానీ ఫర్వాలేదు, పక్కన ఉల్లిపాయ ముక్కలు, రైతా ఆలోచించాల్సిందే. పానీపూరీ గురించి నేను చెప్పక్కర్లేదు, ఆ నీళ్లు ఎవరూ మరిగించరు. అరటిపండు, కమలాపండు లాంటివి మన చేత్తో మనం ఒలుచుకుంటే మంచిది. కోసి పెట్టిన ముక్కలు వద్దు.

చేతులు. శానిటైజర్ కరోనాకు బాగా పనిచేసింది, దీనికీ చాలు అనుకుంటాం. నేనూ అదే అనుకున్నా. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని పగలగొడుతుంది. హెపటైటిస్ ఎ వైరస్‌కు ఆ పొర లేదు. అందుకే శానిటైజర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. సబ్బు, నీళ్లు, ఇరవై సెకన్లు రుద్దడం. టాయిలెట్ తర్వాత, తినేముందు, వంట ముట్టుకునేముందు. ట్రిప్ బ్యాగ్‌లో పేపర్ సోప్ పెట్టుకోండి, పది రూపాయల ఖర్చు. మెడికల్ కిట్ అడిగారు కదా, అందులో మొదటి వస్తువు ఇదే.

వచ్చాక: క్యాలెండర్.

ట్రిప్ నుంచి వచ్చిన రోజు నుంచి యాభై రోజులు లెక్కపెట్టుకోండి. ఈ లోపు జ్వరం, విపరీతమైన నీరసం, వికారం, ఆకలి చచ్చిపోవడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, టీ రంగు మూత్రం, ఇలాంటివి కనబడితే "గ్యాస్" అని ట్యాబ్లెట్ మింగి ఊరుకోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లి, "ఫలానా తేదీన ఫలానా చోటికి వెళ్లొచ్చాను" అని చెప్పండి. లివర్ ఫంక్షన్ టెస్ట్, ఐజీఎం యాంటీ హెచ్‌ఏవీ అనే రక్త పరీక్షతో తేలిపోతుంది. పీటీ ఐఎన్ఆర్ అనే ఇంకో పరీక్ష కూడా చేస్తారు. లివర్ తన పని చేస్తోందా లేదా అనేది అది చెప్తుంది. బిలిరుబిన్ నంబర్ చూసి అందరూ భయపడతారు కానీ, డాక్టర్లు గట్టిగా చూసేది దీన్నే.

మందు ఏంటి? ఈ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. రెస్ట్, సరిపడా నీళ్లు, కొంచెం కొంచెంగా తిండి. నూనె లేకుండా, ఉప్పు లేకుండా నెలంతా చప్పిడి తిండే తినాలన్న రూల్ లేదు. వికారం లేకపోతే ఇంటి భోజనం హాయిగా తినొచ్చు. మద్యం మాత్రం ముట్టుకోవద్దు. జ్వరానికి పారాసెటమాల్ కూడా డాక్టర్‌ను అడక్కుండా వేసుకోవద్దు, ఎక్కువైతే అది లివర్ మీదే దెబ్బ కొడుతుంది.

ఇక పసరు మందు. నాకు కామెర్లని తెలియగానే మా వీధిలో ముగ్గురు మూడు ఊళ్ల పేర్లు చెప్పారు. "ఆదివారం పరగడుపున పసరు పోస్తారు, మూడు వారాల్లో తగ్గుతుంది" అన్నారు. చేతి మీద వాత పెట్టించుకోమన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ప్రేమతో చెప్పారు. కానీ ఆలోచించండి. ఈ జబ్బు ఎక్కువమందికి ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. ఆ మూడు వారాలూ గడిచిపోతాయి, పేరు పసరుకు వస్తుంది. తగ్గని ఒకరిద్దరు మాత్రం ఆ ఊరు చుట్టూ తిరుగుతూ విలువైన రోజులు పోగొట్టుకుంటారు. వాత పెడితే కాలిన పుండు మిగులుతుంది, అంతే.

ఈ గుర్తులు కనబడితే ఒక్క గంట కూడా ఆగొద్దు: మగతగా ఉండడం, పగలు నిద్రపోయి రాత్రి మేల్కొని ఉండడం, పొంతన లేకుండా మాట్లాడడం, చేతులు వణకడం, చిగుళ్ల నుంచి రక్తం, నీళ్లు కూడా ఇమడనంత వాంతులు. మా మామయ్య రాత్రి పదకొండింటికి అత్తయ్యను "ఇదెవరి ఇల్లు?" అని అడిగారట. అత్తయ్య తెల్లారేదాకా చూద్దాం అనుకోలేదు. వెంటనే ఆటో పిలిచింది. ఆయన ఈ రోజు మనతో ఉన్నారంటే అందుకే.

చివరిగా, ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లు ఏం చేయాలి? రోగి వంటింట్లోకి వెళ్లకూడదు, ఎవరికీ వడ్డించకూడదు. టాయిలెట్‌ను బ్లీచింగ్‌తో కడగాలి. కలిసి ఉన్నవాళ్లకు రెండు వారాల్లోపు వ్యాక్సిన్ వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది, కాబట్టి వెంటనే డాక్టర్‌ను అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు, హెపటైటిస్ బి ఉన్నవాళ్లు, ఫ్యాటీ లివర్, మద్యం అలవాటు ఉన్నవాళ్లు ఉంటే ముందు వాళ్ల సంగతి చూడండి. నీతో పాటు ట్రిప్‌కి వచ్చిన ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి చెప్పడం కూడా నీ బాధ్యతే. నేను సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మా ఆరుగురిలో ఇంకొకడికీ వచ్చిందని తర్వాత తెలిసింది. వాడు అప్పటికే హాస్టల్ మెస్‌లో వడ్డన చేస్తున్నాడు.

మా మామయ్య కోలుకున్నాక, ఇంట్లో డోసు పడాల్సినవాళ్లందరినీ ఒకే రోజు క్లినిక్‌కి తీసుకెళ్లాం. మా మేనల్లుడు సూది చూసి ఏడ్చాడు. తర్వాత ఐస్‌క్రీం కావాలన్నాడు. ప్యాక్ చేసిందే కొనిచ్చాను. అదీ సబ్బుతో చేతులు కడిగించాక.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్. ట్రిప్స్ మానేయమని నేను చెప్పను, నేనూ మానలేదు. మీ తర్వాతి ట్రిప్ గ్రూప్‌లో లొకేషన్‌తో పాటు ఈ వీడియో కూడా షేర్ చేయండి. టీకాల కార్డు వెతికి చూస్తే, మీకు ఈ వ్యాక్సిన్ పడిందో లేదో కామెంట్‌లో చెప్పండి.